దేవన్న నాలుగవ తలుపు

సంఘము వారు ఈ సంచికకు మమ్ములను కూడ ఒక వ్యాసము వ్రాయుడని కోరినపుడు మొదట సంకోచించితిమి. మేము పండితులము కాము. ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. తోనే చదువు చాలించి, బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఒక కర్మాగారపు స్టోర్సులో 38 సంవత్సరములు నట్టులకు, బోల్టులకు లెక్క వ్రాసి, 2018లో విశ్రాంతి తీసికొన్న గుమాస్తాలము. తోడి సభ్యులు త్యాగరాజస్వామివారిని గురించియు, హరికథలను గురించియు, మన ఇండ్లలోని పండుగలను గురించియు వ్రాయుచుండగా, ఒక పాత మోటారుబండిని గురించి వ్రాయుట తగునా యని కార్యదర్శిగారిని అడిగితిమి. "మీ ఇంటి సంగతి మీరు వ్రాయక మరెవరు వ్రాస్తారండీ?" అని వారు నవ్విరి. కావున ఈ సాహసము.

పాత బండిని బాగుచేయుట యనగా తుప్పు గీకి రంగు పూయుట అని చాలమంది తలంతురు. మేమును అట్లే తలచితిమి. రంగు పూయుట చివరి పది దినముల పని. అంతకు ముందు మూడేండ్లు ఒకే ఒక్క చిక్కుతో గడచినవి. ఒక బండి చాసి మీద వేరొక బండి బాడీని కూర్చుండబెట్టుటయే ఆ చిక్కు.

మా నాన్నగారు బాడుగబండి నడిపెడివారు. 1962లో బెంగళూరు దండు ప్రాంతమున కాపురమున్న ఒక డాక్టరుగారు తమ ఆస్టిన్ ఏ-40 బండిని అమ్మివేయగా, మా అమ్మగారి గొలుసు కుదువబెట్టి దానిని కొనిరి. ఆ బండి పేరు డెవన్. ఆస్టిన్ కంపెనీవారు ఆ రోజులలో తమ బండ్లకు ఇంగ్లండు దేశపు సీమల పేర్లు పెట్టుచుండిరి. డెవన్, డార్సెట్, సోమర్సెట్ అను నవి అట్టివే. మా నాన్నగారి నోట ఆ డెవన్ కొన్నాళ్లకు దేవన్న యైనాడు. ఊరివారు కూడ ఆ పేరే పట్టుకొనిరి. "దేవన్న ఉన్నాడా, బాడుగకు పోయినాడా?" అని అడుగుచు మా వాకిటికి వచ్చెడివారు.

ఆ బండికిని మన దక్షిణదేశమునకును సంబంధము కలదు. 1948లో రఘునందన్ శరణ్ అను వారు తమ కుమారుని పేర అశోక్ మోటార్సు అను సంస్థను స్థాపించి, మద్రాసునకు ఉత్తరమున ఎన్నూరులో ఆస్టిన్ ఏ-40 బండ్లను కూర్చసాగిరి. 1949లో మొదటి బండి బయటికి వచ్చినది. 1955 నాటికి ఆ సంస్థయే అశోక్ లేలాండు అయి లారీల వైపునకు మరలినది. మా బండి ముక్కలుగా ఓడనెక్కి వచ్చి ఎన్నూరున ఒకటైనదని నాన్నగారు గొప్పగా చెప్పుకొనెడివారు. ఇంజను 1200 సి.సి., నాలుగు సిలిండర్లు, 40 గుఱ్ఱముల బలము. ఆనేకల్లు, అత్తిబెలె, హొసూరు చుట్టుపట్ల పెండ్లికొడుకులు ఎందరో ఆ బండిలోనే విడిదికి వచ్చిరి. అమ్మగారు ఎప్పుడు ఎక్కినను వెనుక సీటున ఎడమ తలుపు ప్రక్కనే కూర్చుండెడివారు. ముందు సీటు బాడుగకు వచ్చిన పెద్దలదని వారి అభిప్రాయము. ఇంటివారము మాత్రమే పోవునపుడును అంతే.

1973 చివర చమురు సంక్షోభము వచ్చి పెట్రోలు వెల ఒక్కసారిగా హెచ్చినది. పెండ్లిబాడుగలు నెలకు ఒకటి రెండు వచ్చుటయే కష్టమైనది. కూరగాయల బాడుగ మాత్రము ప్రతిదినము ఉన్నది. మా ఊరినుండి బెంగళూరు సిటీ మార్కెట్టునకు ఇంచుమించు 25 కిలోమీటర్లు. 1974లో ఒక ఆదివారము నాన్నగారు టింకరింగు పనివానిని పిలిపించి, ముందు సీటు వెనుకనుండి బాడీని కోయించి, పలకలు పరపించి, దేవన్నను సరకుబండిగా మార్చిరి. అప్పుడు మేము ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. పరీక్షకు కట్టవలసిన డబ్బు ఇంటిలో లేదని ఆ కోతకు ముందు మాకు తెలియదు. హాక్సా బ్లేడు రేకులో పోవు చప్పుడు వినలేక మా అన్నగారు చెరువుగట్టునకు పోయిరి. మేము అక్కడనే నిలిచి చూచితిమి.

వెనుక సగము గుజరీవాడు తూకము వేసికొని తీసికొనిపోవుచుండగా, అమ్మగారు ఎడమవైపు వెనుక తలుపును మాత్రము ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. వారు ఏడ్వలేదు, కోపగింపలేదు. "నీళ్ల గదికి తలుపు లేదు. ఇది ఉండనీండి" అనిరి. పెరటిలో బండలు నిలిపి కట్టిన స్నానపు గదికి ఆ తలుపు అమర్చబడినది. అద్దమునకు పచ్చరంగు పూసిరి. లోపలివైపున ఒక గొళ్లెము బిగించిరి. అది మొదలు 2023 దాక, 49 సంవత్సరములు, ఆ తలుపు మా ఇంటిల్లిపాదికిని మరుగైనది.

సరకుబండిగా దేవన్న తొమ్మిదేండ్లు నడచినాడు. ఏ-40 చాసి మీదనే కంపెనీవారు పికప్పు బండ్లను చేసెడివారు గనుక కూరగాయలు దానికి ఒక భారము కాదు. అయితే రాబడికి ఆశపడి, ద్రాక్షతోటలకు పందిరి నిలుపు రాతిస్తంభములను కూడ మోయించితిమి. ఆ రాళ్లు ఎడమవైపే ఎక్కువగా పేర్చెడివారము, దించుట సులభమని. దాని ఫలితము నలుబది యేండ్ల తరువాత తెలిసినది. 1983లో బండి నిలిచిపోయినది. నాన్నగారు 1996లో కాలము చేసిరి. చింతచెట్టు క్రింద దేవన్న అట్లే ఉండెను.

మేము విశ్రాంతి తీసికొన్న తరువాత అన్నగారు ఆ ఇనుమును అమ్మివేయుదమనిరి. అన్నగారి కుమారుడు ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగి. ఆదివారములలో పాతకార్ల ఊరేగింపులు చూచి వచ్చి, "చిన్నాన్నా, మన దేవన్నను లేపుదాం" అని మమ్ములను పట్టుకొనెను. మాకు వచ్చిన గ్రాట్యుటీలో ఒక భాగము బ్యాంకులో ఉండెను. ఇంక చెప్పనేల?

పారిశ్రామికవాడ వెనుక సందులో ఒక టింకరింగు షెడ్డు ఉన్నది. దాని యజమాని కోలారు వైపునుండి వచ్చిన తెలుగువాడు, డెబ్బదికి దగ్గరి వయస్సు. మేము మేస్త్రి అనియే పిలుతుము. ఆయన జీవితమంతయు అంబాసిడర్లతో గడచినది. అంబాసిడరు ఇంజను మూలము వెదకిన ఈ ఏ-40 ఇంజనే తాతవరుస యగును; బి-సిరీస్ అను ఆ 1489 సి.సి. ఇంజను దీనినుండియే పెంపొందినది. కావున ఇంజను పని తొందరగానే ముగిసినది. దానిని గురించి వ్రాయుట కేమియు లేదు.

చాసి సంగతి వేరు. అంబాసిడరుకు చాసి విడిగా ఉండదు. ఈ కాలపు కార్లవలెనే రేకును మడచి, అతికి, పెట్టెవలె ఒకటే కట్టుగా చేసినది. ఏ-40 అట్లు కాదు. క్రింద ఇనుప దూలముల చట్రము. చక్రములు, స్ప్రింగులు, ఇంజను దానికే తగిలించియుండును. పైన మనుష్యులు కూర్చుండు గది వేరు. ఆ రెంటికి నడుమ రబ్బరో, తోలో మెత్తగా పెట్టి బోల్టులతో బిగింతురు. యుద్ధమునకు పూర్వము రోల్స్ రాయిస్ వంటి కంపెనీలు చాసి, ఇంజను మాత్రమే తయారుచేసెడివి. బాడీ కట్టుట వేరొకరి వృత్తి. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నిజాముగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ బండిని మేము ఒకమారు చూచితిమి. 1912 నాటిది. చాసి రోల్స్ రాయిస్ వారిది, పైన సింహాసనము వంటి ఆ బాడీ లండనులోని బార్కరు కంపెనీవారిది. మద్రాసులో 1840లో గుఱ్ఱపుబండ్లతో మొదలిడిన సింప్సన్ కంపెనీ కూడ తరువాత మోటారు చాసిలమీద బాడీలు కట్టినది. కనుక ఒకరి చట్రము మీద మరియొకరి గది ఉండుటలో తప్పు లేదు. అయితే వారు కొలత తీసి దానికే కట్టిరి. మాకు దొరికినవి ఎప్పుడును ఒకదానినొకటి చూచినవి కావు.

మేస్త్రి మొదట చాసిని నాలుగు దిమ్మలమీద నీటిమట్టముతో సమముగా నిలిపించెను. రెండువైపుల జతగానున్న రంధ్రములనుండి తూకపుగుండ్లు వ్రేలాడదీసి, అవి నేలను చూపిన చోటులను సుద్దముక్కతో గుర్తుపెట్టెను. ఆపై చాసిని ప్రక్కకు తీసి, గుర్తుల నడుమ మూలనుండి మూలకు దారము పట్టించెను. రెండు దారములు సమానముగా ఉండవలెను. మా దేవన్నకు మూడు నూళ్లు తేడా వచ్చినది. అంగుళమునకు ఎనిమిది నూళ్లని చదువరులలో వడ్రంగము తెలిసినవారు ఎరుగుదురు. రాతిస్తంభములు పేర్చిన ఎడమవైపే క్రుంగినది. మేస్త్రి ఏమియు అనక మావైపు చూచెను. ఆ రాళ్లను మోసి పేర్చిన చేతులలో మా చేతులు కూడ ఉన్నవని ఆయనకు ఎట్లు తెలిసెనో!

నిప్పుతో కాల్చి వంచిన తొందరగా పోవును గాని, కాల్చిన చోట ఇనుము బలము తగ్గునట. కావున గొలుసులు చుట్టి, జాకీ పెట్టి, రోజుకు కొంచెముగా, వంచి వదలి మరల కొలిచి, మూడు వారములలో తేడాను అర నూలుకు తెచ్చిరి. అంతకుమించి రాదని మేస్త్రి చెప్పెను. ఆ అర నూలును జ్ఞాపకముంచుకొనుడు.

బాడీ కొరకు 2022లో మద్రాసు పుదుపేటకు పోయితిమి. పాత బండ్లను విప్పి ముక్కలుగా అమ్ము ఆ వీధులను చూడనివారికి వర్ణించుట కష్టము. అక్కడ ఒక షెడ్డు వెనుక డెవన్ బాడీ దొరికినది. దానిమీద ఇతర బండ్ల రేకులు పేర్చియుండుటచేత ఎడమ వెనుక తలుపు నలిగి పనికిరాకుండ పోయినది. తక్కిన మూడు తలుపులు ఉన్నవి. మాకు కావలసిన దానికి సరిగా ఆ తలుపే లేకపోవుట చూచి మా వాడు దైవఘటన అనెను. మేము బేరమాడు పనిలో ఉండి విననట్లుంటిమి.

బాడీ ఇంటికి చేరిన తరువాత రెండు తప్పులు బయటపడినవి. మొదటిది, అది తరువాతి కాలపు బండి. మొదటి డెవన్లలో గేరుకఱ్ఱ నేలనుండి లేచును. తరువాతి వానిలో స్టీరింగు ప్రక్కకు మార్చిరి. మా గేరుపెట్టెకు నేలమీద కఱ్ఱ. ఈ బాడీ నేలలో దానికి రంధ్రము లేదు. రెండవది, చాసినుండి విప్పునపుడు తలుపుల చోట అడ్డుకమ్ములు పెట్టి బిగింపక అట్లే ఎత్తినారు. తలుపు తీసిన చోట బాడీకి బలము లేదు గదా. ఏండ్ల తరబడి ఆ విధముగా నేలమీద పడియుండి అది నడుమ జారినది.

గేరుకఱ్ఱ సంగతి మేస్త్రి చక్కగా తీర్చెను. మా పాత ముందుభాగము తుప్పుపట్టి పోయినను, గేరుకఱ్ఱ చుట్టునున్న నేలరేకు మాత్రము నూనె త్రాగి త్రాగి చెడకుండ ఉన్నది. దానిని కోసి, కొత్త నేలలో అంత మేర కోయించి, అక్కడ పొదిగించెను. ఆ కోత కోయునపుడు పుదుపేట బాడీ నేలచాప క్రింద ఒక పగిలిన గాజుముక్కయు, పసిపిల్లల గిలకయు దొరికినవి. ఎవరివో, ఏ ఊరివారో! వానిని అమ్మగారికి చూపితిమి. "మనవి కావు గదా, పారెయ్యకండి" అని తమ పెట్టెలో దాచిరి.

2024 చివర బాడీని చాసి మీదికి దించితిమి. మేస్త్రికి అప్పుడు కంటి శస్త్రచికిత్స జరిగి, పని కుఱ్ఱవాండ్రు చూచుకొనుచుండిరి. పాత ప్యాకింగులు ఎన్నడో పోయినవి. కుఱ్ఱవాండ్రు ఒక కర్మాగారపు పాత కన్వేయరు బెల్టును ఒకే కొలతకు ముక్కలు కోసి అన్ని బోల్టుల క్రిందను సమానముగా పెట్టిరి. చూచుటకు అది న్యాయముగానే ఉండెను. మేమును మెచ్చుకొంటిమి. మూడు తలుపులు బిగించిరి. రాకుండిన చోట మడతబందులను కొంచెము వంచియు, క్రింద రేకుముక్కలు పెట్టియు సరిచేసిరి. మూడును పడినవి. మా సంతోషమునకు మేర లేదు.

అప్పుడు పెరటి తలుపును విప్పి తెచ్చితిమి. స్నానపు గదికి ప్లైవుడ్డు తలుపు ఒకటి అంతకు ముందే పెట్టించియుంటిమి. పచ్చరంగు గీకి, తుప్పు తుడిచి, బందులలో నూనె పోసి నిలుపగా, అది మూతపడలేదు. పైమూల స్తంభమునకు తగిలి నిలిచిపోయినది. క్రిందిమూల చిటికెనవ్రేలు దూరునంత సందు. కుఱ్ఱవాండ్రు ఎత్తి చూచిరి, దించి చూచిరి. "దీని పైఅంచు రెండు నూళ్లు కోస్తే పోతుంది సార్" అనిరి. అన్నగారు కూడ కోయించుమనిరి. "యాభై యేండ్లు నీళ్లగదిలో ఉన్న తలుపు వంకరపోకుండా ఎట్లుంటుంది? దానికోసం బండంతా ఆపుతావా?" అనిరి. వారి మాటలో యుక్తి లేకపోలేదు. అయినను ఆ తలుపు రేకుమీద బ్లేడు పెట్టుటకు మాకు నోరు రాలేదు. మేస్త్రి వచ్చువరకు ఆపుడంటిమి. అన్నగారు నెల దినములు షెడ్డువైపు రాలేదు.

మేస్త్రి 2025 మార్చిలో తిరిగి వచ్చెను. అవి హుస్కూరు మద్దూరమ్మ జాతర దినములు. ఊరూరివారు నూరడుగులకు మించిన తేర్లను కట్టి, ఎడ్లతోను, ట్రాక్టర్లతోను ఆ గుడికి ఈడ్చుకొనివచ్చుట ఈ ప్రాంతమువారికి తెలిసినదే. ఆ సంవత్సరము గాలివానకు రెండు తేర్లు ఒరిగిపడి ప్రాణనష్టము జరిగినది. మేస్త్రి ఆ దినమున అక్కడనే ఉండెనట. మూడు దినములు షెడ్డు తెరువలేదు. నాలుగవనాడు వచ్చి, మాతో మాటాడక, దేవన్న బాడీ బోల్టు లన్నిటిని వదులు చేసెను. తరువాత పెరటి తలుపును ఒక బల్లపై పరుండబెట్టి దారముతో కొలిచెను.

"సామీ, ఈ తలుపుకేం దోసం లేదు. బండల్లో తూకంగా నిలబడి ఉన్నిందే, వంక పోలేదు. బాడీ కూర్చోలేదు, అంతే. ఆ మూడు తలుపులు పడినాయంటే, మావోళ్లు బందులు వంచి పడేట్టు చేసినారు."

అప్పుడు మాకు అర్థమైనది. చాసిలో అర నూలు తేడా నిలిచియున్నది. బాడీ నడుమ జారియున్నది. ఈ రెంటిమీద సమానమైన దళసరి ముక్కలు పెట్టుటయే తప్పు. ఒక్కొక్క బోల్టు క్రింద ఎంత ఖాళీ ఉన్నదో అంతయే నింపవలెను. మేము 38 ఏండ్లు స్టోర్సులో వాషర్లను డజన్ల లెక్కన జారీచేసితిమి గాని, పని చేయువాడు ఒక చోటికి రెండు, ఇంకొక చోటికి ఒకటిన్నర కావలెనని ఎందుకు అడుగునో ఏనాడు విచారింపలేదు. పైగా లెక్క కుదరదని విసుగుకొనెడివారము.

ఆ పని ముగియుటకు ఏడు వారములు పట్టినది. మేస్త్రి పద్ధతిని కొంచెము వివరింతుము, ఎవరికైన ఉపయోగపడవచ్చును. ముందు బండి తన చక్రములమీదనే నిలువవలెను. దిమ్మలమీద సరిచేసిన తలుపు నేలమీదికి దించగానే మారిపోవును. ఇంజను దాని చోట ఉండవలెను. సీట్లు ఇంకను కుట్టుచుండిరి గనుక ఆ బరువునకు బదులుగా వెనుక రెండు రాగిమూటలు పెట్టించి, ముందు ఇద్దరు కుఱ్ఱవాండ్రను కూర్చుండబెట్టెను. బోల్టులను ఒకేసారి బిగింపక, నడుమనుండి చివరలకు, రెండువైపుల మార్చి మార్చి, కొంచెము కొంచెముగా బిగించెను. బోల్టు బలముతో బాడీని క్రిందికి లాగుట మహాపాపమని ఆయన మతము. బాడీ తనంతట తాను ఆనినచోటనే బోల్టు పట్టవలెను. వెనుక చివర ఎత్తినచో వెనుక తలుపుపైని సందు మూసికొనును, దించినచో తెరచుకొనును. తలుపు సందున పంచాంగపు కాగితము పెట్టి లాగి చూచెడివాడు. కాగితము చిరిగిన చోట బిగువు, జారిన చోట వదులు. చివరకు నడుమ స్తంభముల క్రింద ఒక నూలు పెంచి, ఎడమ వెనుక మూల ఒకటిన్నర నూలు తగ్గించిన దినమున, పెరటి తలుపు చేయి వదలగానే తనంతట తాను పోయి పడినది. ఆ చప్పుడు మాకు 1974కు ముందు విన్నట్టిదే. మేస్త్రి మాత్రము సంతోషింపక తక్కిన మూడు తలుపుల వైపునకు నడచెను.

అవి ఇప్పుడు మూడును పడలేదు. వంచిన బందులన్నిటిని తిరిగి నిట్టనిలువుగా చేయవలసివచ్చినది. ఆ పని జూలై దాక సాగినది. ఆగస్టులో బొమ్మసంద్రకు మెట్రో వచ్చినది. పసుపు మార్గము ప్రారంభమైన దినమున కుఱ్ఱవాండ్రు రైలు చూడబోయి పని నిలిపిరి. ఇంత జరిగినను పెరటి తలుపు పైఅంచున తక్కిన వానికంటె ఒక నూలు ఎక్కువ సందు ఉన్నది. దానిని ఈయముతోనో, పుట్టీతోనో నింపవచ్చునని మేస్త్రి చెప్పి, నింపకున్నను వాన రాదనికూడ చెప్పెను. నింపలేదు.

ఇక కాగితముల సంగతి. 2021లో కేంద్రప్రభుత్వమువారు పాతబండ్లకు నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, మూలరూపముతో నిలిచి, చాసి, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరుగనిది వింటేజి బండి యగును. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. నిత్యము తిరుగుటకు గాని, బాడుగకు గాని వాడరాదు. దరఖాస్తు నింపునపుడు మా అన్నగారి కుమారునికిని మాకును గట్టిగా మాట పట్టింపు వచ్చినది. అన్నియు డెవన్ భాగములే గనుక అన్నియు మూలభాగములే యని వ్రాయుమని వాని వాదము. "చూసేవాళ్లకు తెలియదు చిన్నాన్నా. చాసి నంబరు తాతగారి ఆర్‌.సి.లో ఉన్నదే కదా" అనెను. అది నిజమే. నంబరును బట్టి అది దేవన్నయే. గదిని బట్టి పుదుపేటలో పడియున్న ఏదో కుటుంబముయొక్క బండి. మిళిందుడను యవనరాజును నాగసేనుడను భిక్షువు, రథమనగా ఇరుసా, చక్రమా, నొగయా అని అడిగెనని బౌద్ధగ్రంథమున కలదు. రాజుగారు వాదమున ఒప్పుకొని తప్పించుకొనిరి. ఆయనకు దరఖాస్తు నింపవలసిన పని లేదు.

మేము స్టోర్సు లెక్కలో రానిదానిని వచ్చినట్లు ఒక్కనాడును వ్రాయలేదు. అట్లని సాధువులము కాము, భయముచేతనే వ్రాయలేదు. ఈ ఒక్క కాగితమున మాత్రము భయము కారణము కాదు. నాన్నగారు కోయించినారన్న మాటను చెరపివేయుటకు మాకు హక్కు లేదని తోచినది. ఆ కోత డబ్బుతో వ్రాసిన పరీక్ష వలననే మాకు ఆ గుమాస్తా ఉద్యోగము వచ్చినది. కావున తెల్లకాగితము మీద రెండు గళ్లు గీచి, ఒకదానిలో మావి, ఒకదానిలో కొన్నవి వ్రాసితిమి. చాసి, ఇంజను, గేరుపెట్టె, బానెట్టు, ముందు మడ్‌గార్డులు, డ్యాష్‌బోర్డు, గేరుకఱ్ఱచుట్టు నేలరేకు, ఎడమ వెనుక తలుపు మావి. బాడీ, మూడు తలుపులు, డిక్కీ మూత, వెనుక సీటు కొన్నవి. 1974లో ఏమి జరిగినదో రెండు వాక్యములు. దానిని దరఖాస్తునకు జతచేసితిమి. దానివలన వింటేజి అను పేరు రాకపోవచ్చును. అప్పుడు దేవన్న షెడ్డులోనే ఉండును, ఊరేగింపులకు పోడు. మా వాడు కొన్నాళ్లు మాతో మాటాడలేదు. దసరాకు వచ్చి ఆ కాగితమును తానే టైపు చేసి ఇచ్చినాడు. సంక్రాంతి కాగానే అన్నియు కార్యాలయమున ఇచ్చెదము.

దీపావళి మరునాడు అమ్మగారిని షెడ్డుకు తీసికొనిపోయితిమి. వారికి ఇప్పుడు 86 ఏండ్లు. అన్నగారు కూడ వచ్చిరి. ముందు సీటు తలుపు తెరచి పట్టుకొనగా, వారు దానిని దాటి వెనుకకు నడచి, ఎడమవైపున ఎక్కి కూర్చుండిరి. తలుపు అన్నగారే వేసిరి. అమ్మగారు అద్దములోనుండి కొంతసేపు బయటికి చూచిరి. ఆ అద్దము మూలలో పచ్చరంగు చుక్క ఒకటి గీకినను పోక నిలిచియున్నది. తరువాత వారి చేయి తలుపు లోపలివైపున, పిడికి పైగా, ఏదో తడవుచు పోయినది. మొదట మాకు తెలియలేదు. గొళ్లెము కొరకు! దానిని విప్పి తీసివేసియుంటిమి. రెండు మేకురంధ్రములు మాత్రము మిగిలినవి. వారి వ్రేళ్లు ఆ రంధ్రములమీద ఆగినవి.

మేస్త్రి కిటికీ దగ్గరకు వంగి, "అమ్మా, ఆ రెండు బొక్కలు పూడ్చేసి రంగు కొట్టిస్తాను, నాలుగు నిమిసాల పని" అనెను.

"ఉండనీ నాయనా" అనిరి అమ్మగారు.

అవి అట్లే ఉన్నవి.